మొదటి పది నిమిషాల ఖర్చు

పండగకు రెండు రోజుల ముందు, సాయంత్రం వేళ, ఏ ఊరి బజారులోనైనా బొమ్మల దుకాణం దగ్గర కాసేపు నిలబడితే ఒక సంగతి కనిపిస్తుంది. అక్కడున్నవారిలో పిల్లలు తక్కువ. మేనమామలు, బాబాయిలు, అమ్మమ్మలు, తాతయ్యలు ఎక్కువ. బస్సు వేళ కాకముందే ఏదో ఒకటి కొని సంచిలో వేసుకోవాలన్న తొందర వాళ్లది. మొదటి ప్రశ్న "అయిదేళ్ల బాబుకి ఏమున్నాయి?" అని. రెండోది "ఇంకాస్త పెద్దది లేదా?" అని. దుకాణదారు పై అరలోంచి ఒక పెద్ద అట్టపెట్టె దించుతాడు. లోపలి కారు ఆ పెట్టెలో సగం కూడా ఉండదు. అయినా పెట్టె చేతికి రాగానే కొన్నవారి ముఖం తేటపడుతుంది. ఇక పరువుకు ఢోకా లేదు.

ఆ డబ్బులో ఎక్కువ భాగం పెట్టె విప్పే పది నిమిషాలకే పోతుంది. ఇంటినిండా చుట్టాలు, నట్టింట పిల్లవాడు, చరచరా చిరిగే రంగుకాగితం, "ఎవరు తెచ్చారు?" అని ఒకరు అడగడం, "మామయ్య!" అని వాడు అరవడం. ఆ ముచ్చటను తప్పుపట్టనక్కర్లేదు, పండగ అంటే కాస్త ఆర్భాటం కూడా. అయితే బొమ్మల ఖర్చు చేయిదాటుతోందని మథనపడే ఇళ్లలో లెక్క తప్పేది ఇక్కడే. ఇచ్చేవారు ఆ పది నిమిషాల కోసం కొంటారు. పుచ్చుకున్న పిల్లకు ఆ తర్వాత ఏడాదంతా మిగిలి ఉంటుంది.

రెండు వేల అయిదు వందల రూపాయలు పెట్టి రిమోట్ కారు కొన్నారనుకుందాం. కారుకు నాలుగు సెల్లులు, రిమోట్‌కు రెండు. పండగ మూడు రోజులూ అది హాల్లో గిర్రున తిరుగుతుంది. నిజానికి ఎక్కువ సేపు రిమోట్ ఉండేది పెద్దవాళ్ల చేతిలోనే. నాలుగో రోజుకు సెల్లులు అయిపోతాయి. కొత్తవి తెచ్చేలోగా ముందు చక్రం సోఫా కాలికి కొట్టుకుని వంగుతుంది. మొత్తం మీద అయిదారు గంటలు ఆడారనుకుంటే గంటకు నాలుగు వందల పైమాటే పడింది. నాలుగు వందలు పెట్టి ఒక సంచెడు చెక్క దిమ్మలు కొని, రెండేళ్లపాటు వారానికి రెండు గంటలు ఆడితే గంటకు రెండు రూపాయలు కూడా పడదు. ఇవి ఊహించి వేసిన అంకెలే. కానీ మంచాల కింద చీపురు పెట్టి ఊడిస్తే బయటపడే వాటిని చూసినవారెవరూ ఇది అతిశయోక్తి అనరు.

కారు అంత తొందరగా మూలపడటానికి అది విరగడం ఒక్కటే కారణం కాదు. దానితో పిల్లవాడు చేయగలిగిన పని ఒకటే, మీట నొక్కడం. తిరగడం, అరవడం, వెలగడం అన్నీ కారే చేసేస్తుంది. దిమ్మలు తమంతట తాము ఏమీ చేయవు. అందుకే అవి ఒకరోజు ఇల్లు అవుతాయి, ఒకరోజు రైలు అవుతాయి, ఇంకోరోజు చెల్లెలి మీదికి విసిరే రాళ్లు కూడా అవుతాయి.

చదువు నేర్పుతాయని పేరుపెట్టి అమ్మే ఎలక్ట్రానిక్ బొమ్మల సంగతీ దాదాపు ఇంతే. మీట నొక్కితే అక్షరాలు, అంకెలు, జంతువుల పేర్లు పలుకుతాయి కాబట్టి ఎక్కువ ధర పెట్టినా వృథా కాదని తల్లిదండ్రులు సరిపెట్టుకుంటారు. 2016లో అమెరికాలోని నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు అనా సోసా ఒక అధ్యయనం ప్రచురించారు. పది నుంచి పదహారు నెలల పిల్లలున్న 26 కుటుంబాలకు ఎలక్ట్రానిక్ బొమ్మలు, మామూలు బొమ్మలు, బొమ్మల పుస్తకాలు అని మూడు రకాల వస్తువులిచ్చి, ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు వినిపించిన మాటలన్నీ రికార్డు చేశారు. ఎలక్ట్రానిక్ బొమ్మలు ముందున్నప్పుడు పెద్దలు మాట్లాడిన మాటలు, పిల్లల శబ్దాలకు బదులు పలికిన సందర్భాలు బాగా తగ్గాయి. బొమ్మల పుస్తకాల దగ్గర అవి ఎక్కువగా ఉన్నాయి. పెద్ద వింతేమీ కాదు. బొమ్మ మాట్లాడుతుంటే అమ్మ ఊరుకుంటుంది. ఆ వయసులో మాట వచ్చేది అమ్మ నోటి నుంచి గానీ, ప్లాస్టిక్ ఏనుగు కడుపులోని స్పీకరు నుంచి కాదు. పైగా మన బజారులో దొరికే మాట్లాడే బొమ్మల్లో చాలావరకు ఇంగ్లీషులోనే పలుకుతాయి. తెలుగు ఇంట్లో అదొక కొత్త చుట్టం.

పన్ను కూడా ఇప్పుడు సాదా బొమ్మల వైపే మొగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎలక్ట్రానిక్ కాని బొమ్మల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. చదరంగం, క్యారమ్ బోర్డులకూ అదే రేటు. ఎలక్ట్రానిక్ బొమ్మల మీద 18 శాతం అలాగే ఉంది.

తక్కువ ధరకు ఎక్కువ కాలం ఆడే బొమ్మకు ఉదాహరణ వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు, లక్కపిడతలు చాలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఊరు వీటికి పెట్టింది పేరు. అంకుడు కర్రను తరిమెన అనే తిప్పుడు యంత్రం మీద తిప్పుతూ ఉలితో బొమ్మ రూపం తెస్తారు. కర్ర తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కముక్కను దానికి నొక్కి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ నునుపు, ఆ మెరుపు అలా వచ్చినవే. మూలలు ఉండవు, కోసుకుపోయే అంచులు ఉండవు. ఒకప్పుడు రసాయన రంగుల వైపు మళ్లిన ఈ పనిని జాఫ్రా గింజలు, పసుపు, నీలిమందు లాంటి సహజ రంగుల వైపు తిరిగి తెచ్చినవారిలో సి.వి. రాజు ముఖ్యులు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ ఊరి బొమ్మలే.

నాలుగేళ్ల పిల్ల ముందు లక్కపిడతల బుట్ట పెట్టి దూరంగా కూర్చుని చూడండి. తిరగలి, రోలు, రోకలి, పొయ్యి, కడవ, మూకుడు, గరిటె అన్నీ బొటనవేలంత, అరచేయంత. మొదట అన్నీ బోర్లించి మళ్లీ బుట్టలో సర్దుతుంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి గుప్పెడు బియ్యం అడుగుతుంది. ఇవ్వకపోతే పెరట్లోంచి తులసాకులు కోసుకొస్తుంది. అది ఒకరోజు గోంగూర, ఇంకోరోజు తోటకూర. వండాక వడ్డన మొదలవుతుంది. "కూరలో ఉప్పు ఎక్కువైందా తాతయ్యా?" అని అడిగి, తాతయ్య చప్పరించి "కొంచెం కారం వేయి" అనేదాకా వదలదు. ఆ అరగంటలో ఆ పిల్ల నోట ఎన్ని మాటలు దొర్లాయో, ఎంత వరస, ఎంత ఓపిక, ఎంత కొలత నేర్చుకుందో ఏ పెట్టె మీదా అచ్చువేసి ఉండదు. మరునాడు అదే బుట్టతో హోటలు పెడుతుంది, ఆ మరునాడు మందుల షాపు. మగపిల్లలకు ఇవి కొనకూడదని ఎవరు నిర్ణయించారో గానీ, బుట్ట దగ్గర పెట్టి చూస్తే వాళ్లూ అంతే శ్రద్ధగా వండుతారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. చేతిపనివి అయినంత మాత్రాన అన్నీ ఆడుకునే బొమ్మలు కావు. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు. అది బెండులా తేలిక, మెత్తన. ఏనుగు తొండం, అంబారీ, కల్లుగీత కార్మికుడు ఎక్కే తాటిచెట్టు ఆకులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. చూడటానికి అంత అందమైన పని ఇంకోటి లేదు. కానీ రెండేళ్ల పిల్ల చేతికిస్తే సాయంత్రానికి అంబారీ ఒకచోట, మావటి ఒకచోట. అవి కొలువులో నిలబెట్టి, "ఇతను ఎవరు? ఈ ఎద్దుల బండి ఎక్కడికి పోతోంది?" అని కథలు చెప్పుకోవడానికి పుట్టిన బొమ్మలు. ఏడెనిమిదేళ్లు వచ్చి, వస్తువును పదిలంగా పట్టుకోవడం తెలిసిన పిల్లకు ఏటా ఒకటి ఇస్తే బాగుంటుంది. నోట్లో పెట్టుకునే వయసు వారికి మాత్రం కాదు.

చెక్క బొమ్మ అనగానే మంచిదని తలూపేవారికి ఇంకో హెచ్చరిక. ఈమధ్య ఆన్‌లైన్‌లో లేత రంగుల్లో, ఖరీదైన సంచుల్లో, పిల్లల వికాసం గురించి పెద్ద పెద్ద మాటలతో అమ్ముడుపోతున్న చెక్క బొమ్మలున్నాయి. ధర చూస్తే రిమోట్ కారే నయమనిపిస్తుంది. వీటిలో మంచివి లేవని కాదు. కానీ ఇదీ పది నిమిషాల ఖర్చే, కాకపోతే ఆ పది నిమిషాలూ నడిచేది ఫొటోలు పెట్టుకునే చోట. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో విడుదల చేసిన సూచనల్లో బొమ్మ ఖరీదైనదీ మెరిసేదీ కానక్కర్లేదనీ, పెద్దలతో కలిసి ఆడించేదై ఉండాలనీ ఉంది. వంటింటి స్టీలు గిన్నెలూ గరిటెలూ ఏడాది లోపు పిల్లకు ఎందులోనూ తక్కువ కావు. చప్పుడు భరించాల్సింది పెద్దవాళ్లు, అంతే.

చవకగా కొనాలన్న పట్టుదల ఎక్కడ ఆపుకోవాలో కూడా చెప్పుకోవాలి. జాతరలోనో రోడ్డుపక్క బండి మీదో ముప్పయి రూపాయలకు దొరికే వెలుగుల బొంగరం, మెరిసే కళ్లజోడు, మిణుకుమనే ఉంగరం లోపల బొత్తాం ఆకారపు చిన్న సెల్లు ఉంటుంది. వెనక మూతకు మరచీల ఉండదు, గోటితో తీస్తే ఊడి వస్తుంది. ఆ సెల్లు పిల్ల మింగి గొంతులో ఇరుక్కుంటే, తడి తగిలి విద్యుత్తు పారడంతో రెండు గంటల్లోనే ఆహారనాళం లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. మింగిందని అనుమానం వస్తే చాలు, ఎదురుచూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. సెల్లుతో నడిచే ఏ బొమ్మ కొన్నా వెనక్కి తిప్పి మూతకు మరచీల ఉందో లేదో చూడటం ధర చూడటం కన్నా ముందు పని.

మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో గొంతుకు అడ్డుపడే చిన్న ముక్కలు ఉన్నాయో లేదో తేల్చడానికి పరీక్షశాలల్లో ఒక చిన్న గొట్టం వాడతారు. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. బొమ్మ గానీ, దాని నుంచి ఊడిన ముక్క గానీ అందులో పూర్తిగా దూరితే అది ఆ వయసుకు పనికిరాదు. ఇంట్లో అంత కొలత అక్కర్లేదు, ఒక పెద్ద నిమ్మకాయ పక్కన పెట్టుకుంటే చాలు. అంతకంటే చిన్నదేదీ మూడేళ్ల లోపు పిల్లకు వద్దు. ఈ లెక్కన గోలీలు, గవ్వలు, చింతపిక్కలు, లక్కపిడతల్లోని బుల్లి గరిటె కూడా పక్కన పెట్టాల్సిందే. పేలిన బెలూను ముక్కనైతే పెద్దవాళ్లే వెంటనే ఏరి పారేయాలి.

కొట్టులో కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు వెతకడం ఇప్పుడు తేలికే. కేంద్రం 2020లో తెచ్చిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక, పద్నాలుగేళ్ల లోపు పిల్లల కోసం దేశంలో అమ్మే బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి అయింది. మామూలు బొమ్మకు ఐఎస్ 9873, కరెంటుతోనో సెల్లులతోనో నడిచేదానికి ఐఎస్ 15644 ప్రమాణాలు. గుర్తు దగ్గరే సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు ఎవరో తెలుస్తుంది. కేంద్ర హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు లేదని బెంగపడనక్కర్లేదు. కానీ ఆ పేరు చెప్పి రోడ్డు పక్కన అమ్మే ప్రతి రంగుల కర్రా ఏటికొప్పాకది కాదు. తడిగుడ్డతో గట్టిగా రుద్దినప్పుడు గుడ్డకు రంగు అంటితే అక్కడే వదిలేయడం మేలు.

ఇంతకీ ఖర్చు ఎక్కడ పెరుగుతోంది? ఒక్కో బొమ్మ ధర దగ్గర కన్నా వాటి సంఖ్య దగ్గరే. సంక్రాంతికి భోగిపళ్లు పోసే ఇంట్లో ఒకే సాయంత్రం ఎనిమిది, పది బొమ్మలు వచ్చిపడతాయి. వాటిలో రెండు ఒకే రకం, ఒకటి వయసుకు మించినది, ఇంకొకటి విప్పకుండానే వేరే పిల్లల పుట్టినరోజుకు తరలిపోయేది. ఎవరికి వారు అయిదు వందల్లోనే ముగించామనుకుంటారు, కలిపితే అయిదు వేలు. అమెరికాలోని టొలిడో విశ్వవిద్యాలయంలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల లోపు పిల్లలు 36 మంది మీద జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. నాలుగు బొమ్మలున్న గదిలో పిల్లలు ఒక్కోదానితో ఎక్కువ సేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. పదహారు బొమ్మలున్నప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతుతూ పోయారు. పది బొమ్మలు తెచ్చినవారు పది ఆటలు ఇచ్చామనుకుంటారు. పిల్ల చేతికి మిగిలేది ఆ గెంతులాటే.

దీనికి మందు చుట్టాల మధ్య మాటే. పండగకు మూడు వారాల ముందు ఇంటి వాట్సాప్ గ్రూపులో "ఈసారి పాపకు మూడు చక్రాల సైకిల్ అనుకుంటున్నాం, తలా కొంత వేద్దామా?" అని ఒకరు అడిగితే పది చిల్లర బొమ్మల డబ్బు ఒక మంచి సైకిల్‌గా మారుతుంది. మొహమాటం ఉంటుంది. "నా మనవరాలికి నేను ఏమీ తీసుకెళ్లకుండా ఎలా వెళ్తాను?" అని పెద్దావిడ నొచ్చుకోవచ్చు. ఆమెకు ఒక కథల పుస్తకమో, రంగు పెన్సిళ్లో, పాత చీరతో కుట్టిన గుడ్డబొమ్మో అప్పగిస్తే చేయి ఖాళీ కాదు, ఇల్లు నిండదు. వచ్చినవన్నీ ఒకేరోజు విప్పి తీరాలని ఏ శాస్త్రంలోనూ లేదు. రెండు విప్పి, మిగతావి బీరువా పైన పెట్టి, వానాకాలం వచ్చి బయట ఆట ఆగిపోయినప్పుడు ఒకటి దించితే పిల్లకు అది కొత్తదే.

విదేశాల్లో ఉన్న తెలుగు ఇళ్లకు ఈ బరువు రెండింతలు. అక్కడ డిసెంబరులో తోటిపిల్లల ఇళ్లలో క్రిస్మస్ చెట్టు కింద పేర్చిన పెట్టెలు చూసి వచ్చిన పిల్ల అడుగుతుంది, నెల తిరక్కుండానే సంక్రాంతి వస్తుంది. అక్కడి కుటుంబాలు కొన్ని పాటించే పద్ధతి ఒకటుంది. పిల్ల కోరినది ఒకటి, అవసరమైనది ఒకటి, కట్టుకునేది ఒకటి, చదివేది ఒకటి, మొత్తం నాలుగే. మన ఇళ్లలో పండగకు బట్టలు ఎలాగూ కొంటాం కాబట్టి ఒకటి అప్పటికే అయిపోయినట్టు. వేసవి సెలవుల్లో సూట్‌కేసు నిండా బొమ్మలు మోసుకొచ్చి ఇక్కడి అక్క పిల్లలకు పంచేవారు, తిరిగి వెళ్లేటప్పుడు ఆ ఖాళీలో ఒక వామనగుంతల పీట పెట్టుకెళితే బరువు సమం అవుతుంది. పద్నాలుగు గుంతలు, గుప్పెడు చింతపిక్కలు. ఆరేళ్లు దాటిన పిల్లకు అంతకన్నా మంచి కూడికలు, తీసివేతలు దొరకవు, పైగా అమ్మమ్మతో ఆడితే అమ్మమ్మే గెలుస్తుంది.

పెద్ద పిల్లలకు బొమ్మ ఇవ్వడం కన్నా చేయడానికి సరుకు ఇవ్వడం మేలు. అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలూ కలిపి త్రిభుజాలు, ఇళ్లు, గోళాలు కట్టవచ్చని దేశమంతా తిరిగి చూపించిన అరవింద్ గుప్తా ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు. పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం మీద ఆయన రాసిన పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. ఒక జిగురు సీసా, కత్తెర, నాలుగు స్ట్రాలు, ఒక చిన్న మోటారు, తీగ ముక్క కలిపి పాత చెప్పుల పెట్టెలో సర్ది ఇస్తే తొమ్మిదేళ్ల పిల్లవాడు రెండు ఆదివారాలు మాట్లాడకుండా కూర్చుంటాడు. అగ్గిపుల్లల మందు ముందే గీకేసి ఇవ్వాలని వేరే చెప్పనక్కర్లేదు.

పిల్ల ఇష్టం మాటేమిటి? టీవీలో చూసిన కార్టూన్ బొమ్మే కావాలంటుంది, దాని ధరలో సగం ఆ ముఖానికే పోతుంది. ఇక్కడ పెద్దలు మరీ బిగుసుకోకూడదు. నిన్న ప్రకటన చూసి ఇవాళ ఏడ్చేదాన్ని ఎల్లుండికి మరిచిపోతారు. నెల రోజులుగా అదే పేరు, బొమ్మ గీసినా అదే, నిద్రలో కలవరించినా అదే అయితే, అది ప్లాస్టిక్‌దే అయినా కొనివ్వడమే న్యాయం. "ఇంకొకటి ఉండదు, ఇదే" అని ముందే చెబితే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. వాళ్లకు లెక్క అర్థం కాదనుకోవడం పెద్దల పొరపాటు.

బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో నడుస్తోంది. అటక మీది భోషాణం దించి, పాత పంచె ముక్కల్లో చుట్టిన బొమ్మలను ఒక్కొక్కటే విప్పుతుంటే పిల్లలు చుట్టూ మూగి "ఇది నాది, పోయినేడు దీని చెయ్యి నేనే అతికించాను" అని పోట్లాడుకుంటారు. ఆ ఏటికి చేర్చేది ఒక్క కొత్త బొమ్మే. దాన్ని ఏ మెట్టు మీద పెట్టాలన్న తగువు మాత్రం పండగ అయ్యేదాకా తెగదు. కొలువు ఎత్తేసిన రోజున అన్నీ మళ్లీ గుడ్డల్లోకి, గుడ్డలు భోషాణంలోకి, భోషాణం అటక మీదికి.